హిమావరి-పై

హిమావరి-పై అనేది జపాన్ వాతావరణ ఉపగ్రహం తీసిన తాజా భూగోళ చిత్రాన్ని కంప్యూటర్ తెరకు వాల్‌పేపర్‌గా పెట్టే చిన్న స్క్రిప్టు. పైథాన్ 3లో రాసిన ఈ ఓపెన్ సోర్స్ కోడు లినక్స్, మ్యాక్ కంప్యూటర్లలో నడుస్తుంది. ఈ సరదా కొత్తదేమీ కాదు. ఎక్స్‌ఎర్త్, ఎక్స్‌ప్లానెట్ అనే ప్రోగ్రాములు అంతకు చాలాముందే డెస్క్‌టాప్ మీద భూగోళాన్ని చూపాయి. కాకపోతే అవి పటాలు పెట్టి గీసిన బొమ్మలు. ఇది కెమెరాకు చిక్కిన భూమి.

చిత్రాల మూలం

ఈ ఉపగ్రహాల్లో హిమావరి-8ను 2014 అక్టోబరు 7న తనెగాషిమా నుంచి ప్రయోగించారు. 2022 డిసెంబరు 13 నుంచి దాని పని హిమావరి-9 చేస్తోంది. భూమధ్యరేఖకు సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున, 140.7 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉండి, తనకు కనిపించే అర్ధగోళం మొత్తాన్ని 10 నిమిషాలకోసారి 16 బ్యాండ్లలో చిత్రిస్తుంది. నీలం, ఆకుపచ్చ, ఎరుపు మూడూ వాటిలో ఉండటం వల్లే సహజమైన రంగులు వస్తాయి. అమెరికా ఉపగ్రహం గోస్-16లో ఆకుపచ్చ బ్యాండు లేదు, లెక్కగట్టి చేర్చుకోవాలి. శ్రీహరికోట నుంచి వెళ్లిన మన ఉపగ్రహాలు ఇన్సాట్-3డీఆర్, 3డీఎస్‌ల ఇమేజర్లలో దృశ్యకాంతికి ఒకే బ్యాండు. తుపాను జాడ పట్టడానికి అది చాలు, తెరకు రంగులద్దడానికి చాలదు.

పనితీరు

జపాన్ పరిశోధన సంస్థ ఎన్‌ఐసీటీ ఈ చిత్రాలను 550 పిక్సెళ్ల చదరపు ముక్కలు చేసి సర్వర్‌లో పెడుతుంది. స్క్రిప్టు ముందుగా తాజా చిత్రం ఏ సమయానిదో కనుక్కుంటుంది. ఆ సమయాన్ని బట్టి ఒక్కో ముక్క చిరునామా కట్టి, అన్నీ డౌన్‌లోడ్ చేసి, పిల్లో లైబ్రరీతో అతికిస్తుంది. ఆపైన గ్నోమ్, కేడీఈ, ఎక్స్‌ఎఫ్‌సీఈ వంటి డెస్క్‌టాప్ వ్యవస్థల్లో ఏది నడుస్తుంటే దానికి తగిన ఆదేశం ఇచ్చి వాల్‌పేపర్ మారుస్తుంది. 4×4 స్థాయిలో 16 ముక్కలు, 2,200 పిక్సెళ్ల వెడల్పు. 20×20లో 400 ముక్కలు, 11,000 పిక్సెళ్లు. మామూలు తెరకు మొదటిదే సరిపోతుంది. పది నిమిషాలకోసారి 400 ముక్కలు లాగడం ఉచితంగా ఇచ్చే సర్వర్ పట్ల మర్యాద కూడా కాదు. స్క్రిప్టును వేళకు లేపే పని క్రాన్, సిస్టమ్‌డీ టైమర్ వంటి షెడ్యూలర్‌కు అప్పగించాలి.

వెలుగు, చీకటి

చిక్కంతా గడియారంతోనే. గోళం మధ్యభాగం న్యూగినీ దగ్గర పడుతుంది. తెలుగు రాష్ట్రాలు ఎడమ అంచున ఏటవాలుగా, నొక్కుకుపోయి కనిపిస్తాయి. అక్కడి మిట్టమధ్యాహ్నం మనకు ఉదయం 8 దాటిన వేళ. గోళం నిండుగా వెలిగేది అప్పుడే. విచిత్రమేమిటంటే సరిగ్గా 8:10 చిత్రమే ఉండదు. ఉపగ్రహం తన నిర్వహణ పనుల కోసం రోజూ ఆ విడతనూ, రాత్రి 8:10 విడతనూ వదిలేస్తుంది. మన సాయంత్రం 4 అయ్యేసరికి ఎడమవైపు వంక మాత్రమే మిగులుతుంది, తర్వాత అంతా నలుపు. అందుకే స్క్రిప్టులో ఆటో-ఆఫ్‌సెట్ అనే ఐచ్ఛికం పెట్టారు. అది వాడేవారి టైమ్ జోన్‌ను చూసి కొన్ని గంటల కిందటి చిత్రాన్ని తెస్తుంది, దాంతో మన పగలు తెరమీదా పగలే అవుతుంది. అయితే ఆ మేఘాలు అప్పటికే కదిలిపోయి ఉంటాయి. తుపాను రోజుల్లో దీన్ని ఆపేయడమే మంచిది.

ఎప్పుడు చూసినా వెలుతురే కావాలనుకునేవారికి డిస్కవర్ వ్యోమనౌకలోని ఎపిక్ కెమెరా చిత్రాలు తెచ్చే స్క్రిప్టులున్నాయి. 2015లో ప్రయోగించిన ఆ నౌక భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుడి వైపున ఉంటుంది కాబట్టి అది తీసేది ఎప్పుడూ పగటి ముఖాన్నే. కాకపోతే చిత్రం బయటికొచ్చేసరికి ఒక్కోసారి రోజు దాటిపోతుంది.