తెలుగు కంప్యూటరుకు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్: చరిత్ర

ఆపరేటింగ్ సిస్టం మొదలు బ్రౌజరు, ఆఫీసు ప్రోగ్రాములు, ఫాంట్ల దాకా సొంత కంప్యూటరును స్వేచ్ఛా, ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరుతోనే నడుపుకోవచ్చు. ఈ సాఫ్ట్‌వేరును ఎవరైనా వాడుకోవచ్చు, సోర్సు కోడు చదవచ్చు, అవసరమైతే మార్చుకోవచ్చు, పదిమందికీ పంచవచ్చు. తెలుగువారికి వీటిలో అన్నిటికన్నా పనికొచ్చింది మార్చుకునే హక్కే. మార్కెట్టు పట్టించుకోని భాషలను ఆ హక్కే కంప్యూటరులోకి తెచ్చింది.

నేపథ్యం

రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టం తయారీకి గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు. దాని లైసెన్సు జీపీఎల్ 1989లో వెలువడింది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఆపరేటింగ్ సిస్టంకు గుండెకాయ వంటి లినక్స్ కెర్నెల్‌ను విడుదల చేశారు. ఈ పునాది మీద 1993లో డెబియన్, 2004లో ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టంలు వచ్చాయి. 2010లో మొదలైన లిబ్రె ఆఫీస్ ఉత్తరాలు, లెక్కల పట్టికలు తయారుచేసుకునే అవసరాన్ని తీరుస్తోంది.

యూనికోడ్‌కు ముందు, తరువాత

తొలిరోజుల్లో ఒక్కో ఫాంటుకు ఒక్కో సంకేత పద్ధతి ఉండేది. ఒక ఫాంటులో టైపు చేసింది మరో ఫాంటులో తెరిస్తే అర్థంలేని గీతలు కనిపించేవి. 1990ల ఆరంభంలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఆర్‌టీఎస్ పద్ధతిని రూపొందించారు. రోమన్ అక్షరాల్లో రాసిన తెలుగును రిట్ అనే ప్రోగ్రాము తెలుగు లిపిలోకి మార్చేది.

ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ ఒకే సంకేత పద్ధతిగా వచ్చిన 1991 నాటి తొలి యూనికోడ్‌లోనే తెలుగుకు చోటు దక్కింది. అయితే అక్షరానికి సంఖ్య ఇచ్చినంత మాత్రాన అది తెరమీద సరిగా కనిపించదు. ఉదాహరణకు ‘స్త్రీ’ కంప్యూటరులో స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు సంకేతాలుగా నిల్వ ఉంటుంది. సకారం మీద గుడిదీర్ఘం పెట్టి, తవత్తును, రవత్తును వాటి స్థానాల్లో అమర్చే పని వేరే ఉంది. లినక్స్ డెస్క్‌టాప్‌లలో ఇప్పుడు ఆ పని హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా లైబ్రరీ చేస్తోంది.

ఫాంట్లు, కీబోర్డులు

తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు జీపీఎల్ కింద డెబియన్‌లో చేరాయి. తరువాత సిలికానాంధ్ర సంస్థ చొరవతో మండలి, రామభద్ర, సురవరం, పెద్దన, గిడుగు వంటి ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో వచ్చాయి. సవర భాష కోసం జీవితం ధారపోసిన గిడుగు రామమూర్తి పేరు, ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఫాంటుకు పెట్టడం ఎంతో సముచితం.

టైపు చేయడానికి భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు ఇన్‌స్క్రిప్ట్‌తోపాటు ఆర్‌టీఎస్, యాపిల్, పోతన పద్ధతులు లినక్స్‌లో దొరుకుతాయి. వెన్న నాగార్జున రాసిన ‘పద్మ’ ప్రోగ్రాము పాత ఫాంట్ల పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చింది. దాని కోడు ఆధారంగానే వీవెన్ 2006లో తెలుగు టైపు పరికరం ‘లేఖిని’ని తయారుచేశారు. ఒకరి కృషి మీద మరొకరు కట్టుకుంటూ పోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ అక్కర్లేదు.

తెలుగు మెనూలు

హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ 2005లో తెలుగు మెనూలతో లినక్స్ ఆధారిత ఆపరేటింగ్ సిస్టంను విడుదల చేసింది. పిల్లల చదువు కోసం ‘బాల స్వేచ్ఛ’ను కూడా రూపొందించింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ తెచ్చిన బాస్ లినక్స్‌లోనూ తెలుగు ఉంది. గ్నోమ్ డెస్క్‌టాప్, ఫైర్‌ఫాక్స్ వంటి వాటి మెనూలను స్వచ్ఛంద కార్యకర్తలు వాక్యం వాక్యంగా అనువదించారు.

2014 ఏప్రిల్ 8న విండోస్ ఎక్స్‌పీకి మద్దతు ముగిసింది. కొత్త విండోస్‌ను మోయలేని పాత యంత్రాలకు ఎక్స్‌ఎఫ్‌సీఈ వంటి తేలికైన డెస్క్‌టాప్‌తో డెబియన్ ఆసరా అయింది. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంటే, హార్డ్‌డిస్కు జోలికి పోకుండా ముందు నడిపి చూసుకోవచ్చు. నచ్చితే ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు.

దుమ్ముగూడెం, కోయ భాష

తెలుగు కోసం జరిగిన ఈ కృషి తెలుగు లిపిలో రాసే ఇతర భాషలకూ పనికొస్తుంది. అందుకు కోయ ఒక ఉదాహరణ. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో గోదావరి ఒడ్డున ఉన్న దుమ్ముగూడెం కోయలు నివసించే ఏజెన్సీ ప్రాంతంలోది. కోయ ద్రావిడ భాష, గోండికి దగ్గరి చుట్టం. ఇక్కడ దాన్ని తెలుగు లిపిలో రాస్తారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన మొదలైనప్పుడు కోయ వాచకాలు కూడా ఆ లిపిలోనే వచ్చాయి. అందుకే తెలుగు కోసం తయారైన ఫాంట్లు, కీబోర్డులు కోయకూ యథాతథంగా పనికొస్తాయి. ప్రోగ్రాములు ఒకసారి ఎక్కించుకున్నాక రాయడానికీ, అచ్చు వేసుకోవడానికీ ఇంటర్నెట్ అవసరం ఉండదు.

ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన రాతప్రతుల్లోని గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. దానికి నోటో అనే స్వేచ్ఛా ఫాంటు కూడా ఉంది. తెలుగు లిపిలోనే రాసే కోయకు ఆ లిపి సమస్య లేదు. అంతర్జాతీయ ప్రమాణంలో భాషా సంకేతమూ ఉంది. ఈ ప్రోగ్రాముల మెనూలను కోయలోకి తేవాలనుకున్నవారు అనువాద ఫైలు తెరిచి పని మొదలుపెట్టవచ్చు. అందుకు ఏ కంపెనీ అనుమతీ అడగనక్కరలేదు.