Vijaya Nirmala: హీరోయిన్ నుంచి 44 సినిమాల దర్శకురాలిగా.. విజయ నిర్మల గిన్నిస్ ప్రయాణం

హీరోయిన్‌గా అవకాశాలు వస్తున్న టైమ్‌లోనే మెగాఫోన్ పట్టుకున్నారు విజయ నిర్మల. ఒకటీ రెండూ కాదు, ఏకంగా 44 సినిమాలు డైరెక్ట్ చేశారు. ప్రపంచంలో అత్యధిక చిత్రాలకు దర్శకత్వం వహించిన మహిళగా 2002లో గిన్నిస్ బుక్‌లోకి ఎక్కారు. అయితే తెలుగులో ఈ దారి వేసిన తొలి నటి ఆమె కాదు. ఆమెకంటే ముందు ఇద్దరు ఉన్నారు.

భానుమతి, సావిత్రి వేసిన బాట

1953లో వచ్చిన ‘చండీరాణి’తో భానుమతి దర్శకురాలయ్యారు. అందులో ఆమెది డ్యుయెల్ రోల్. ఆ సినిమాను తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లోనూ తీశారు. సొంతంగా భరణి సంస్థ ఉండటం ఆమెకు కలిసొచ్చింది.

ఆ తర్వాత 1968లో ‘చిన్నారి పాపలు’తో సావిత్రి డైరెక్టర్‌గా మారారు. కీలక విభాగాల్లో మహిళలే పనిచేసిన సినిమా ఇది. సంగీతం పి.లీల అందించారు. 1969లో ఎన్టీఆర్‌తో ‘మాతృదేవత’ తీశారు. కానీ ‘మూగమనసులు’ను తమిళంలో ‘ప్రాప్తం’గా తీయడం ఆమెను ఆర్థికంగా దెబ్బతీసింది. నటిగా ఎంత పేరున్నా, సొంత డబ్బు పెట్టి సినిమా తీస్తే రిస్క్ ఎలా ఉంటుందో ఇండస్ట్రీకి తెలిసొచ్చింది. విజయ నిర్మల డైరెక్షన్‌లోకి దిగింది ఆ తర్వాతే.

బాలనటి నుంచి హీరోయిన్‌గా..

1946లో పుట్టిన విజయ నిర్మల చిన్నతనంలోనే కెమెరా ముందుకొచ్చారు. 1957లో ‘పాండురంగ మహాత్మ్యం’లో బాలకృష్ణుడిగా కనిపించారు. 1964లో వైకం మహమ్మద్ బషీర్ రాసిన మలయాళ చిత్రం ‘భార్గవీ నిలయం’తో హీరోయిన్‌గా పేరొచ్చింది. తెలుగులో బీఎన్ రెడ్డి ‘రంగులరాట్నం’లో నటించారు. 1967లో బాపు తొలి చిత్రం ‘సాక్షి’లో కృష్ణతో జోడీ కట్టారు. తర్వాత ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు.

తొలి సినిమా మలయాళంలో..

దర్శకురాలిగా ఆమె మొదటి చిత్రం తెలుగు సినిమా కాదు. 1973లో మలయాళంలో వచ్చిన ‘కవిత’. అదే ఏడాది తెలుగులో ‘మీనా’ తీశారు. యద్దనపూడి సులోచనారాణి నవల ఆధారంగా వచ్చిన ఈ సినిమాలో కృష్ణ హీరో, ఆమే హీరోయిన్. కెమెరా ముందూ వెనకా రెండు బాధ్యతలూ మోశారు. 2016లో త్రివిక్రమ్ ‘అ ఆ’ వచ్చినప్పుడు ‘మీనా’తో పోలికలపై పెద్ద చర్చే నడిచింది.

దెబ్బ తిన్నా ఆగలేదు

1974లో ‘దేవదాసు’ తీయడం పెద్ద సాహసం. 1953 నాటి ఏఎన్నార్ ‘దేవదాసు’ జనం మనసుల్లో నిలిచిపోయింది. పైగా ఆ పాత సినిమాను మళ్లీ థియేటర్లలోకి తెచ్చారు. కృష్ణ సినిమా నిలబడలేకపోయింది.

అంతటితో ఆమె వెనక్కి తగ్గలేదు. ‘దేవుడే గెలిచాడు’, ఏఎన్నార్-కృష్ణలతో ‘హేమాహేమీలు’, కృష్ణ-రజనీకాంత్‌లతో ‘రామ్ రాబర్ట్ రహీమ్’ తీశారు. వీటిలో ‘రామ్ రాబర్ట్ రహీమ్’ హిందీ ‘అమర్ అక్బర్ ఆంథోనీ’కి రీమేక్. నవలా కథలు, కుటుంబ కథలే కాకుండా పెద్ద స్టార్లతో మాస్ సినిమాలూ ఓ మహిళ తీయగలదని ఆమె ఆచరణలో చూపించారు.

2008లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రఘుపతి వెంకయ్య అవార్డుతో గౌరవించింది. 2009లో వచ్చిన ‘నేరము-శిక్ష’ దర్శకురాలిగా ఆమె చివరి చిత్రం. 2019 జూన్ 27న హైదరాబాద్‌లో కన్నుమూశారు.

ఆ తర్వాత ఎవరెవరు?

* జీవిత: ‘శేషు’ (2002), తమిళ ‘సేతు’కు రీమేక్
* రేవతి: ‘మిత్ర్, మై ఫ్రెండ్’ (2002), ఉత్తమ ఇంగ్లిష్ చిత్రంగా జాతీయ అవార్డు
* శ్రీప్రియ: వెంకటేశ్ హీరోగా ‘దృశ్యం’ (2014)
* మంజుల ఘట్టమనేని: ‘మనసుకు నచ్చింది’ (2018). ఈమె కృష్ణ కుమార్తె

ఇలా నటీమణులు డైరెక్షన్‌లోకి వస్తూనే ఉన్నారు. కానీ చాలామంది ఒకటి రెండు సినిమాల దగ్గరే ఆగిపోతున్నారు. ఫ్లాప్ తర్వాత కూడా మరో ఛాన్స్ దక్కించుకుని మూడు దశాబ్దాలకు పైగా కొనసాగడం.. 44 అనే అంకె వెనక ఉన్న అసలు విషయం అదే.