రశీదులో లేని పేరు: యుద్ధమూ, స్త్రీధనమూ

నాకు గుర్తు తెలిసేటప్పటికి మా అమ్మమ్మ చేతులకు మట్టిగాజులే ఉండేవి. పెళ్ళికి వాళ్ళ నాన్న చేయించిన బంగారు గాజుల జత సంగతి అడిగితే, ‘‘యుద్ధానికిచ్చానే’’ అనేది. 1962 చివర్లో తాలూకా కచేరీ ముందు పందిరి వేసి, చైనా యుద్ధానికి విరాళాలు తీసుకున్నారట. ఊళ్ళో పెద్దింటి ఆడవాళ్ళు ఇస్తుంటే ఆమె కూడా వెళ్ళి ఇచ్చింది. ప్రభుత్వం చేతికిచ్చిన రశీదులో ఆమె పేరు లేదు, ‘ఫలానా వారి భార్య’ అని రాశారు. ‘‘గాజులు నావి, పేరు మీ తాతది’’ అని నవ్వేది. ఆ నవ్వు నాకు చాలాకాలం అర్థం కాలేదు.

1962 అక్టోబరు 20న చైనా దాడి మొదలైంది. 26న అత్యవసర పరిస్థితి ప్రకటించారు. మర్నాడే జాతీయ రక్షణ నిధి ఏర్పాటయింది. నగదు ఇవ్వలేనివాళ్ళు నగలిచ్చారు. ఇందిరాగాంధీ తన నగలిచ్చిన వార్త దేశమంతా చదివింది. ఇదంతా మన జాతీయ చరిత్రలో త్యాగం అనే ఒక్క మాటలో ఇమిడిపోయింది. త్యాగం అనగానే లెక్క అడగడం ఆగిపోతుంది. ఇచ్చినవాళ్ళ దగ్గర ఇంకేం మిగిలిందన్న ప్రశ్న పుట్టదు.

ఆ కాలపు తెలుగు స్త్రీకి ఆస్తి అంటే ఏమిటి? 1956 హిందూ వారసత్వ చట్టం స్త్రీ చేతిలో ఉన్న ఆస్తికి ఆమెనే పూర్తి హక్కుదారును చేసింది. కానీ ఉమ్మడి కుటుంబపు పిత్రార్జితంలో కొడుకుతో పాటు కూతురికీ పుట్టుకతో హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచే అమల్లోకి వచ్చింది, దేశమంతటికీ 2005లో. అంటే 1962లో పొలం అన్నదమ్ములది, ఇల్లు భర్తది. ఆమెది అని చెప్పుకోగలిగింది ఒంటిమీది బంగారం. కాన్పు కష్టమైనా, కొడుకు ఫీజు కట్టాలన్నా, మొగుడు వదిలేసినా తాకట్టుకు వెళ్ళేది అదే. ప్రభుత్వం ఆమెకివ్వని ఆసుపత్రి, ఆమెకివ్వని పింఛను అన్నీ ఆ గాజుల్లోనే ఉన్నాయి. దేశం అడిగింది ఆ గాజుల్నే.

ఆ దేశం అప్పటికే ఆమెకు బాకీపడి ఉంది. పద్నాలుగేళ్ళ వరకు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించడానికి పదేళ్ళలో ప్రయత్నించాలని రాజ్యాంగం 45వ అధికరణంలో రాసుకున్నాం. గడువు 1960తో తీరిపోయింది. 1961 జనాభా లెక్కల్లో అక్షరం వచ్చిన స్త్రీలు నూటికి 15 మంది. ఆ గడువు దాటినందుకు ఎవరూ పందిళ్ళు వెయ్యలేదు, అత్యవసర పరిస్థితి ప్రకటించలేదు. విద్యాహక్కు చట్టం రావడానికి 2009 దాకా ఆగాల్సివచ్చింది.

డబ్బు లేదనే మాట ఎప్పుడూ వినేదే. కానీ కావాలనుకుంటే ఎంత త్వరగా దొరుకుతుందో 1963 బడ్జెట్ చూపిస్తుంది. 1962-63 బడ్జెట్‌లో రక్షణకు వేసిన అంచనా 376 కోట్లు. 1963-64కి అది 867 కోట్లయింది. ఒక్క ఏడాదిలో రెండింతలు దాటింది. అప్పుడు రక్షణ అవసరం లేదని నేననడం లేదు. ఓడిపోయి, చలిబట్టలు కూడా సరిగా లేక మంచుకొండల్లో చనిపోయిన సైనికులూ పేదింటి పిల్లలే. నా ప్రశ్న ఆ భారం ఎవరి మీద, ఎలా వేశారన్నది.

ఆ బడ్జెట్‌లో ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయి కిరోసిన్ మీద పన్ను పెంచారు. కరెంటు లేని ఇళ్ళలో రాత్రి వంటకు వెలుగు కిరోసిన్ బుడ్డిదే. నిర్బంధ డిపాజిట్ పథకం తెచ్చారు. అంతకుముందే, 1963 జనవరిలో బంగారం నియంత్రణ నిబంధనలొచ్చాయి. 14 క్యారెట్లకు మించిన బంగారంతో కొత్త నగ చెయ్యకూడదన్నారు. కంసాలి కుంపట్లు ఆరిపోయాయి. ఆత్మహత్యలు చేసుకున్న కంసాలుల గురించి పార్లమెంటులో మాట్లాడారు. వాళ్ళ భార్యలు పిల్లల్ని ఎలా సాకారో రాసినవాళ్ళు అరుదు. 14 క్యారెట్ల నిబంధన 1966లో పోయింది. 1968లో వచ్చిన బంగారం నియంత్రణ చట్టం 1990 దాకా ఉంది.

1963 ఆగస్టులో నెహ్రూ ప్రభుత్వం మీద మొట్టమొదటి అవిశ్వాస తీర్మానం చర్చకొచ్చింది. దేశంలో 27 కోట్లమంది రోజుకు మూడణాలతో బతుకుతున్నారని లోహియా అన్నారు. కాదు, పదిహేను అణాలని నెహ్రూ అన్నారు. చరిత్రకెక్కిన వాదం అది. కానీ మూడణాలైనా పదిహేనణాలైనా అది తలసరి లెక్క. ఇంట్లో అందరికీ వడ్డించి చివర్న తినే మనిషి వంతు ఎన్నణాలో ఆ వాదంలో లేదు.

అమ్మమ్మ గాజుల మాటెత్తితే మా ఇంట్లో మగవాళ్ళు నిజాం కథ చెప్పేవారు. 1965 యుద్ధమప్పుడు ఏడో నిజాం ఐదు టన్నుల బంగారం దానం చేశాడని మనమంతా విన్నాం. నిజానికి ఆయన చేసింది దానం కాదు. 425 కిలోల బంగారాన్ని వడ్డీ వచ్చే జాతీయ రక్షణ గోల్డ్ బాండ్లలో పెట్టాడు. సమాచార హక్కు కింద అడిగితే, ఆ ఐదు టన్నుల విరాళం గురించి తమ దగ్గర సమాచారం లేదని ప్రధాని కార్యాలయం చెప్పింది. ఒక ప్రభువు పెట్టుబడి జనం నోట దానమైంది. వడ్డీ అడగకుండా ఇచ్చేసిన లక్షలాది గాజులకు మాత్రం కథ కూడా లేదు. స్త్రీల చరిత్ర ఎలా మాయమవుతుందో చెప్పడానికి నాకింతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

వర్జీనియా వుల్ఫ్ 1938లో ‘త్రీ గినీస్’ రాసింది. యుద్ధాన్ని ఆపడానికి చందా ఇమ్మని అడిగిన ఒక పెద్దమనిషికి జవాబు అది. ఆయుధాలకు ఏటా ముప్ఫై కోట్ల పౌన్లు ఖర్చుపెట్టే దేశంలో ఆడపిల్లల కాలేజీ ఎందుకు చందాలడుక్కుంటోందని ఆమె ఎదురు ప్రశ్న వేసింది. పీహెచ్‌డీ రోజుల్లో అది చదువుతుంటే నాకు అమ్మమ్మ నవ్వు అర్థమైంది. వుల్ఫ్‌కి సొంత ఆదాయం ఉంది కాబట్టి ఇవ్వడానికి షరతులు పెట్టగలిగింది. అమ్మమ్మకు ఆ వీలు లేదు. అందుకే నవ్వి ఊరుకుంది.

1965 యుద్ధం, కరువు, ఆ తర్వాత 1966 నుంచి 69 దాకా పంచవర్ష ప్రణాళికే లేదు. పసిపిల్లలకూ గర్భిణులకూ పోషకాహారమిచ్చే ఐసీడీఎస్ 1975లో, అదీ 33 బ్లాకుల్లో మొదలైంది. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో రక్షణకు 6.81 లక్షల కోట్లు, స్త్రీ శిశు సంక్షేమ శాఖకు దాదాపు 26,890 కోట్లు. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ అక్కచెల్లెళ్ళు జీతం పెంచమని సమ్మెకు దిగి 42 రోజులు రోడ్డుమీద కూర్చున్నారు. ప్రభుత్వం వాళ్ళమీద ఎస్మా ప్రయోగించింది. అంటే వాళ్ళ పని అత్యవసర సేవ. ఆ పని చేసేవాళ్ళు మాత్రం ఉద్యోగులు కారు, వాళ్ళకిచ్చేది జీతం కాదు, గౌరవవేతనం. ‘ఫలానా వారి భార్య’ అన్న మాటకూ ఈ మాటకూ నాకు పెద్ద తేడా కనిపించదు. ఇచ్చేటప్పుడు స్త్రీ దేశానికి కావాలి. లెక్క రాసేటప్పుడు అక్కర్లేదు.

అమ్మమ్మ పోయింది. రశీదు ఏనాడో చెదలు తినేసింది. అలాంటి రశీదులు ఎన్ని ఇళ్ళలో ఉన్నాయో, ఆ గాజులు పోయాక ఏ కాన్పుకు, ఏ చదువుకు డబ్బు దొరకలేదో అడిగి రాసినవాళ్ళు మనలో ఎందరున్నాం? ఆ రోజులు చూసినవాళ్ళకిప్పుడు ఎనభై దాటుంటాయి. అడగవలసింది ఇప్పుడే.