ఊరి మధ్యాహ్నాన్ని రైలు పట్టుకుపోయింది

ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో పాత ధాన్యం మార్కెట్ భవనం మీద ఒక గడియారం ఉంది. దానికి నిమిషాల ముళ్లు రెండు. ఒకటి లండన్ సమయం చూపిస్తుంది, రెండోది బ్రిస్టల్‌ది. తేడా 10 నిమిషాలు. బ్రిస్టల్ లండన్‌కు పడమరగా ఉంది కాబట్టి అక్కడ సూర్యుడు నడినెత్తికి రావడం అంత ఆలస్యం. రైలు రాకముందు ఈ తేడాను ఎవరూ పట్టించుకోలేదు. గుర్రపు బండిలో పగలంతా కుదుపులు పడుతూ వచ్చినవాడికి పది నిమిషాలు ఒక లెక్కా?

ఆవిరి యంత్రం అనగానే బొగ్గు, ఇనుము, వేగం గురించే మాట్లాడుకుంటాం. నా దృష్టిలో అది తెచ్చిన మార్పుల్లో అన్నిటికన్నా లోతైనది వేరే ఉంది. ఏ ఊరి మధ్యాహ్నం ఆ ఊరిది అన్న అనాది ఏర్పాటును అది చెరిపేసింది.

రైలు కంపెనీలకు వేరే దారి లేదన్నదీ నిజమే. ఒకే పట్టాల మీద ఎదురెదురుగా బళ్లు నడిచేచోట ఏది ఆగాలో, ఏది కదలాలో చెప్పేది సమయపట్టికే. 1853 ఆగస్టులో అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో ఒక కండక్టర్ గడియారం వెనకబడి ఉండటంతో రెండు రైళ్లు ఢీకొన్నాయి. 14 మంది చనిపోయారు. బ్రిటన్‌లో గ్రేట్ వెస్టర్న్ రైల్వే 1840లోనే తన స్టేషన్లలో లండన్ సమయం పెట్టింది. 1847లో రైలు కంపెనీల ఉమ్మడి సంస్థ రైల్వే క్లియరింగ్ హౌస్ మిగతా కంపెనీలనూ గ్రీనిచ్ సమయానికే, అంటే లండన్ సమయానికే మారమంది. 1852 నుంచి గ్రీనిచ్ అబ్జర్వేటరీ సంకేతాలు టెలిగ్రాఫ్ తీగల మీద దేశమంతా వెళ్లసాగాయి.

చట్టం మాత్రం అంత తొందరగా కదల్లేదు. 1858 నవంబరులో డార్చెస్టర్ కోర్టులో ఒక దావా పది గంటలకు విచారణకు రావాలి. గ్రీనిచ్ సమయం చూపే కోర్టు గడియారం ప్రకారం పది దాటింది, ప్రతివాది రాలేదు. జడ్జి వాదికి అనుకూలంగా తీర్పు చెప్పేశారు. ఆ తర్వాత వచ్చిన ప్రతివాది, మా ఊరి సమయం ప్రకారం ఇంకా పది కాలేదు కదా అన్నాడు. వ్యవహారం లండన్‌లోని ఎక్స్‌చెకర్ కోర్టుకు వెళ్లింది. పది గంటలంటే ఆ ఊరి పది గంటలే, గ్రీనిచ్‌వి కావు అని ఆ కోర్టు తేల్చింది. రైలు ఒక గడియారాన్ని, న్యాయం మరో గడియారాన్ని నమ్మిన ఈ పరిస్థితి ఇంకో ఇరవై రెండేళ్లు సాగింది. 1880లో పార్లమెంటు చట్టం చేశాకే గ్రీనిచ్ సమయం బ్రిటన్ అంతటికీ చట్టబద్ధమైంది.

మన దేశంలో రైళ్లు చాలాకాలం మద్రాసు సమయం మీద నడిచాయి. కలకత్తా, బొంబాయి సమయాల మధ్య గంటకు పైగా తేడా ఉండేది. మద్రాసు దాదాపు నడిమధ్యన ఉంది, పైగా అక్కడ అబ్జర్వేటరీ ఉంది. 1906 జనవరి 1న భారత ప్రామాణిక సమయం వచ్చింది. దానికి ఆధారమైన 82½ డిగ్రీల రేఖాంశం మన తుని పరిసరాల మీదుగా పోతుంది. శ్రీకాకుళానికీ హైదరాబాదుకూ సూర్యోదయంలో నిజానికి దాదాపు 22 నిమిషాల తేడా ఉన్నా, రెండు చోట్లా గడియారాలు ఒకే సమయం చూపిస్తాయి. ఊరి సూర్యుడి లెక్క పంచాంగకర్తల దగ్గరే మిగిలింది.

బొంబాయిలో ఈ మార్పు సాఫీగా జరగలేదు. కొత్త సమయం అక్కడి పాత సమయం కంటే దాదాపు 39 నిమిషాలు ముందుంది. అంటే మిల్లు కూలీ సూర్యుడి ప్రకారం అంత ముందుగానే లేచి పనిలోకి రావాలి. గడియారం ముల్లు జరిపినవారు అతని నిద్ర గురించి అడగలేదు. ఆ జనవరిలోనే అక్కడ బట్టల మిల్లు కార్మికులు తిరగబడ్డారు. వాళ్లది అజ్ఞానం అనడం అన్యాయం. పొద్దున్నే తమ దగ్గర నుంచి ఏం తీసుకుంటున్నారో వాళ్లకు స్పష్టంగా తెలుసు. బొంబాయి తన సొంత సమయాన్ని 1955 దాకా పూర్తిగా వదులుకోలేదు.