ఇంట స్క్రీన్ ప్రింటింగు

మోతెవంటి గ్రామమున ఇంటి వసారాలో స్క్రీన్ ప్రింటింగు ప్రారంభింపదలచిన వారికి కావలసిన సామగ్రి స్వల్పమే: కొయ్యచట్రము, దానిపై బిగించిన సన్నని గుడ్డ, రబ్బరు పలక, రంగు, ఒక బల్ల. సీసపు అక్షరములు గాని, బరువైన యంత్రము గాని అక్కరలేదు. బొమ్మకు వెలుపల గుడ్డ కన్నములు పూడ్చినచో, పలకతో లాగిన రంగు తెరచియున్న చోటనే దిగును. జపానువారి కాగితపు మూసలు ఈ విద్యకు పూర్వరూపములు. 1907లో మాంచెస్టరు వాసి సామ్యూల్ సైమన్ పట్టుగుడ్డతో చేయు పద్ధతికి పేటెంటు పొందెను.

ఈ సౌలభ్యమే మన తెలుగునాట ఒకచోట కష్టము తెచ్చినది. మచిలీపట్నము చెంత పెడనలో కలంకారీ పనివారు బట్టను కరక్కాయ నీటిలో తడిపి, టేకు అచ్చులతో అద్ది, కాలువలో జాడించి, వేరులతోను ఆకులతోను ఉడికింతురు. నలుపునకు ఇనుప తుక్కును బెల్లపు నీటిలో ఊరవేయవలెను. ఎంత ఓపిక! అదే పూవును రసాయనపు రంగులతో స్క్రీనుపై దింపిన బట్ట, అదే పేరుతో, చౌకగా అంగడికి వచ్చినది.

స్క్రీనును తప్పుపట్టలేము. అచ్చువలెనే అదియు రంగు రంగునకు వేరుగా కావలెను, చేయి కుదరవలెను. పెండ్లి పత్రికకు, సంచికి అది తగిన పనిముట్టే. పేరు అరువు తెచ్చుకొనుటయే నాకు నచ్చనిది. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు లభించినను, రెండు బట్టలును నేటికి అంగడిలో ఒకే బల్లపై అమ్ముడగుచున్నవి.