పట్టికకెక్కని ద్రాక్షతోట

ద్రాక్షాసవమునకు ఫ్రాన్సు దేశమును, ఆ దేశమున బోర్డో సీమయు పేరు మోసినవి. గరోన్, దోర్దోన్యు అను నదులు బోర్డో నగరమునకు దిగువన సంగమించి, జిరోండ్ అను పేరుతో మిక్కిలి వెడల్పై అట్లాంటిక్ మహాసముద్రమున కలియును. జిరోండు ఎడమగట్టున, నదికిని సముద్రమునకును నడుమ నున్న భూభాగమునకు మెడోక్ అని పేరు. 17వ శతాబ్దమున హాలండు దేశపు ఇంజనీరులు ఇచ్చటి చిత్తడినేలల నీటిని కాలువలద్వారా తరలించిరి. పిమ్మట గులకరాళ్ళ మిట్టలపై ద్రాక్షతోటలు వర్ధిల్లెను. పానమును ప్రశంసించుటకు మేము పూనుకొనలేదు. ఒక తోట చరిత్రను ఆధారముగా గొని, వస్తువుల యోగ్యతను లోకము ఏ కొలబద్దతో కొలుచుచున్నదో పరిశీలింపదలచితిమి.

1855వ సంవత్సరమున మూడవ నెపోలియన్ చక్రవర్తి పారిస్ నగరమున అంతర్జాతీయ ప్రదర్శన మొకటి జరిపించెను. ఆ సందర్భమున తమ సీమలోని మేలైన ఆసవముల పట్టికను సిద్ధపరుపుడని బోర్డో వర్తకసంఘము అచ్చటి దళారులను కోరెను. వారు పెక్కేండ్లుగా ఏ తోట సరకు ఏ ధర పలుకుచు వచ్చినదో లెక్కించి, ఏప్రిల్ 18వ తేదీన ఎఱ్ఱని ఆసవములను ఐదు తరగతులుగా విభజించిరి. లఫీత్, లతూర్, మార్గో, ఒబ్రియోఁ అను నాలుగు తోటలకు మొదటి తరగతి లభించెను. ఒక్క ఒబ్రియోఁ తప్ప ఆ పట్టికలోని ఎఱ్ఱని ఆసవములన్నియు మెడోక్ సీమవే.

ప్రదర్శనము ఆ సంవత్సరమే ముగిసినది. పట్టిక మాత్రము నేటికిని నిలిచియున్నది. ఆ సెప్టెంబరులోనే కాంతమెర్ల్ అను తోటను చేర్చుటయు, 1973లో మూతోఁ రోత్షీల్డును రెండవ తరగతినుండి మొదటి తరగతికి పెంచుటయు తప్ప, చెప్పుకొనదగిన మార్పు జరుగలేదు. ఇందొక విశేషము కలదు. ఈ హోదా నేలకు గాక తోట పేరునకు చెందినది. హోదాగల తోట యజమాని తన గ్రామపరిధిలో హోదాలేని భూమిని కొని కలుపుకొన్నచో, ఆ భూమి ఫలమును అదే పేరుతో అమ్మవచ్చును. యజమాని అశ్రద్ధ చేసినను తరగతి తగ్గదు. పట్టిక వెలుపలివాడు ఎంత శ్రమించినను తరగతి రాదు. మొదట ధరను చూచి హోదా నిచ్చిరి. పిదప హోదాను చూచి ధర నిచ్చుట ఆచారమాయెను.

తరువాత వచ్చిన ఆపదలు పేరులేని తోటలను మరింత క్రుంగదీసెను. 1860 తరువాత అమెరికానుండి చేరిన ఫిలోక్సెరా అను చిన్న పురుగు వేళ్ళ రసమును పీల్చి ఫ్రాన్సు తోటలను ఎండగట్టెను. 1868లో మోంపెల్యే పండితుడగు ప్లాంషోఁయు, ఆయన సహచరులును ఆ పురుగును కనుగొనిరి. దాని కాటును సహింపగల అమెరికా ద్రాక్ష మొదళ్ళపై ఫ్రెంచి తీగలను అంటుకట్టుటయే తుదకు తరణోపాయమైనది. మన మామిడితోటలలో అంటుకట్టు విద్య నెరిగినవారికి ఈ ఉపాయము సుబోధకమే. కాని తోటనంతను పెల్లగించి మరల నాటుటకు ధనము కావలెను. అటుపిమ్మట రెండు ప్రపంచయుద్ధములు, నడుమ 1930 నాటి ఆర్థికమాంద్యము, 1956 ఫిబ్రవరిలో తీగలను చంపిన గడ్డు చలి వచ్చినవి. ఈ దెబ్బలకు తాళలేక పలువురు తోటలను విడిచిరి.

సోసియాండో మల్లే అను తోటయు అట్టి దశనే అనుభవించినది. ఇది సెంత్ ఎస్తెఫ్ గ్రామమునకు ఉత్తరమున, సెన్ సొరెన్ ద కదూర్న్ గ్రామమున, జిరోండునకు ఎదురుగా నున్న మిట్టపై నున్నది. 17వ శతాబ్దపు పత్రములలోనే ఈ భూమి ప్రస్తావన కలదు. 19వ శతాబ్దమున మల్లే అను యజమానురాలి పేరు దీనికి జతపడెను. 1855 పట్టికలో దీనికి చోటు లేదు. 1969 నాటికి ఇందు మిగిలిన తోట సుమారు 5 హెక్టార్లు, అనగా పండ్రెండెకరములు మాత్రమే, కట్టడములు శిథిలములు. ఆ సంవత్సరమున జాఁ గోత్రో అను ద్రాక్షాసవ వర్తకుడు, బెల్జియము దేశీయుడగు ఖాతాదారునికొరకు తోట నొకదానిని వెదకుచు ఇచ్చటికి వచ్చెను. ఆ నేలను చూచి, తానే కొనెను.

ఆయన చూచిన దేమి? పైన గులకరాళ్ళు, అడుగున బంకమన్ను, సున్నపురాయి. గులకరాళ్ళు పగటి వేడిని రాత్రికి దాచును, వాననీటిని నిలువనీయవు. వేళ్ళు తేమను వెదకుచు లోతునకు దిగును. విశాలమైన నది చేరువనుండుటచే వసంతకాలపు మంచు తీవ్రత తగ్గును. నదిని చూచుచుండు తోటయే మంచి తోట యని మెడోక్ జనుల నానుడి. మొదటి తరగతిలోని లతూర్ కూడ నది దరినే యున్నది.

గోత్రో చుట్టుపట్ల భూములను కొని కలుపుచు, కాబెర్నే సోవిన్యోఁ, మెర్లో మొదలగు జాతులను పెంచెను. నాటిన తీగ మూడు నాలుగేండ్లకు గాని కాపునకు రాదు; మేలైన ఫలమిచ్చుటకు మరికొన్ని ఏండ్లు పట్టును. కాలక్రమమున 5 హెక్టార్లు 80కి మించెను. ఏటేట మిన్నయైన సరకును మాత్రమే తోట పేరుతో అమ్మి, తక్కినదానికి దెమొజెల్ అను రెండవ పేరు పెట్టిరి.

కాబెర్నే పండు చిన్నది, తోలు మందము. తోలునుండియు గింజలనుండియు దిగు వగరును టానిన్ అందురు. క్రొత్త ఆసవము దానివలన నాలుకకు కటువుగా నుండును. ఓకు కొయ్య పీపాలలో కొన్ని నెలలుంచి, సీసాల కెత్తి, నేలమాళిగలో దాచినచో, వగరు అణువులు మెల్లగా ఒకదానితో నొకటి కూడి మెత్తబడును. ఎఱుపు ఇటుక చాయకు తిరుగును. వగరును పులుపును సమృద్ధిగానున్న ఆసవమే ఇన్నేండ్లు ఆగగలదు. మంచి పంట వచ్చిన ఏటి సోసియాండో మల్లే ఇరువది ఏండ్లు నిలువగలదని ప్రసిద్ధి. అట్టి సరకు మొదటి తరగతి తోటల ధరలో చిన్న భాగమునకే లభించుచు వచ్చినది. పట్టిక చేసిన ఉపేక్ష కొనువానికి లాభమైనది.

పట్టికకెక్కని తోటలకై క్రూ బూర్జువా అను మరియొక వర్గము కలదు. 1932లో కూర్చిన దాని జాబితాలో 444 తోటలు చేరెను. 2003లో ఆ వర్గమును అధికారికముగా పునర్విభజన చేసినపుడు గోత్రో దరఖాస్తే పెట్టలేదు. వివాదములు చెలరేగి, 2007లో ఆ విభజన న్యాయస్థానమున రద్దయ్యెను. గోత్రో 2019లో మరణించెను. తోటను కొని అప్పటికి యాభై ఏండ్లు.

1855 నాటి దళారులను నిందింప బనిలేదు. వారు తమ కాలపు ధరలను వ్రాసిరి. ఆ లెక్కను శాశ్వత శాసనముగా భావించిన తరువాతివారిదే లోపము. పుట్టుకను బట్టి యోగ్యతను నిర్ణయించు అలవాటు మనకును తెలియనిది కాదు. సోసియాండో మల్లే సీసాపై ఏ తరగతి పేరును కానరాదు. తోట పేరు, పంట పండిన సంవత్సరము, ఎగువ మెడోక్ అని అర్థమిచ్చు ఓ మెడోక్ అను సీమ పేరు కలవు. కొనువారికి అవి చాలుచున్నవి.