విందు శబ్దము – పాలమూరుసీమ యాతిథ్యము

పండుగనాడు బంధుమిత్రులను బిలిచి భోజనము పెట్టుటను మనము విందు అందుము. ఈ శబ్దమునకు నిఘంటువులయందు రెండర్థములు గలవు. ఇంటికి వచ్చిన యతిథి యొకటి, ఆ యతిథికి బెట్టు భోజనము రెండవది. ఈ రెంటిలో ముందు పుట్టిన దేది? మనుష్యుడే యని నాకు దోచుచున్నది. దీనికి సజాతీయమైన తమిళశబ్దము 'విరుందు'. దానికి క్రొత్తదనము, క్రొత్తగా వచ్చినవాడు, వానికి జేయు మర్యాద అను మూడర్థములును గలవు. తిరుక్కురళ్ తొమ్మిదవ యధికారమునకు 'విరుందోంబల్' అని పేరు. ఓంబుట యనగా బోషించుట. అచ్చట బోషింపబడునది యతిథియే కాని పిండివంట కాదు. మనుష్యుని దెలుపు మాట క్రమముగా వాని విస్తరిని దెలుపుటకు వచ్చినది. ఈ మార్పు మాటతో నిలిచినదా, ఆచారమునకు గూడ నెక్కినదా యని మా వనపర్తి ప్రాంతమును దృష్టియం దుంచుకొని విచారింతును.

సంస్కృతమున అతిథిశబ్ద మౌణాదికము. ఎడతెగక నడచుట యను నర్థముగల 'అత' ధాతువుపై ఇథిన్ ప్రత్యయము వచ్చినది. తిథినియమము లేనివాడను వ్యుత్పత్తి లోకమునకు బ్రియమైనదే గాని, శాబ్దికులకు మొదటిదే యాదరణీయము. మనుస్మృతి మూడవ యధ్యాయమున ఒక్కరాత్రి మాత్రమే నిలుచువాడు అతిథి యని నిర్వచనము గలదు. స్వగ్రామస్థుడు అతిథి కాడు. మిత్రుడు, జ్ఞాతి, గురువు అతిథులు గారు. వీరు ప్రీతితో నింటికి వచ్చినప్పుడు శక్తికొలది మంచి యన్నము పెట్టవలెనని వేరొక విధి యున్నది. అనగా, మిత్రుని భోజన మొకటి, అతిథి భోజనము మరియొకటి. మన విందుశబ్ద మీ విభాగమును పాటింపదు. మేనమామ వచ్చినను విందే, దారినబోవువాడు వచ్చినను విందే. ఈ విషయమున దెలుగే యుదారమైనదని చెప్పుటకు నేను, సంస్కృతవ్యాకరణమున బొట్టపోసికొనువాడ నయ్యును, సందేహింపను.

అతిథిని బట్టి వంట మారినదనుటకు సాహిత్యమున ఆముక్తమాల్యదకంటె మంచి సాక్ష్యము లేదు. 1509 మొదలు 1529 వరకు రాజ్యమేలిన కృష్ణదేవరాయలు విష్ణుచిత్తుని గృహమున ఋతువున కొక విస్తరిని వర్ణించెను. వానకాలమున జడి పట్టినప్పుడు పొగ లేకుండ మండుటకు నారికేళపు బొరియలు వంటచెరకు. వరియన్నము, పొట్టుదీసిన పప్పు, నాలుగైదు కూరలు, వడియములు, వరుగులు, పెరుగు. వేసవిలో నులివెచ్చని యన్నము, తియ్యని చారు, పలుచని యంబలి, చెరకురసము, లేత కొబ్బరినీరు. చలికాలమున మిరియపుపొడి చల్లిన వేడికూరలు, ఆవపచ్చడి, కాగిన నేయి, పాలు. ఈ పట్టికలో నొక్కటైనను గృహస్థుని సంపదను జాటునది కాదు. తడిసివచ్చినవానికి వేడి, ఎండనబడి వచ్చినవానికి చలువ, ఇంతియే దాని సూత్రము. వంటచెరకును గూడ జెప్పుట యా రాజునకు వంటయింటి పరిచయము గలదని తెలుపుచున్నది. ఆ కాలపుదే యైన మనుచరిత్రమున బ్రవరుని యిల్లాలు అర్ధరాత్రమున వచ్చినవారికిని వండి పెట్టును. వేయిమంది వచ్చినను ఆమె యలయదట. అలసెనో లేదో యామె నడిగినవారు లేరు.

ఇక సంస్థానముల మాట. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానములు పండితులను బిలిచి, వాదములు వినిపించుకొని, సత్కరించి పంపెడివి. గద్వాలకు విద్వద్గద్వాల యను ప్రసిద్ధి యట్లు గలిగినది. తిరుపతి వేంకటకవు లీ యాస్థానములను దర్శించిన వృత్తాంతము నానారాజసందర్శనమున గలదు. ఈ యాదరణమువలన మా సీమ విద్యకు గలిగిన మేలు సామాన్యము గాదు. అయినను నిష్పక్షపాతముగా జూచిన, ఆస్థానమునకు బిలువబడిన పండితుడు స్మృతి చెప్పిన యతిథి కాడు. వాని భోజనము వాని శాస్త్రమునకు దక్షిణ; అది ప్రభువు కీర్తికి గూడ నుపకరించును. విందు మనుష్యునినుండి విస్తరికి జారిన మెట్లలో నిది యొకటి యని నా యూహ. 1948లో హైదరాబాదు రాజ్యము భారతదేశమున జేరిన పిదప సంస్థానముల యధికారము గతించెను. వనపర్తి రాజప్రాసాదము పాలిటెక్నిక్ విద్యార్థులకు బాఠశాల యయ్యెను.

ఈ విషయములను జరిత్రముగా నెన్నదగునని మనకు జూపినవాడు సురవరము ప్రతాపరెడ్డిగారు. గద్వాల ప్రాంతమువారైన వీరు 1926లో గోలకొండ పత్రికను స్థాపించిరి. 1952లో వనపర్తినుండియే హైదరాబాదు శాసనసభకు ఎన్నికైరి. హిందువుల పండుగలనుగూర్చి గ్రంథము వ్రాసిరి. 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘికచరిత్రమున రాజుల యుద్ధములను వెనుకకు ద్రోసి, జనులు తిన్నది, కట్టినది, ఆడినది కావ్యములనుండి యేరి కూర్చిరి. కావ్యములను శబ్దసాధుత్వమునకు మాత్రమే చదివిన నా వంటివాని కీ గ్రంథ మొక కనువిప్పు.

అయితే పంక్తిలో గూర్చున్నవా రెవరు, గూర్చుండనివా రెవరు అను ప్రశ్న మిగిలినది. రుద్రమదేవి కాలమున, 1261లో వెలసిన మల్కాపుర శాసనమున విశ్వేశ్వర శివాచార్యుడు నెలకొల్పిన సత్రమున బ్రాహ్మణుడు మొదలు చండాలునివరకు అందరికి నన్నము పెట్టవలెనని యున్నది. సత్రమున నిట్లు శాసనమెక్కిన మాట మన యిండ్లలోని పండుగపంక్తికి జిరకాలము రాలేదు. ఆడువారి మాట యింకొకటి. మనుస్మృతిలోని యా యధ్యాయమే క్రొత్తకోడండ్రకు, కన్యలకు, రోగులకు, గర్భిణులకు అతిథులకంటె ముందే భోజనము పెట్టుమని చెప్పుచున్నది. నేను బాల్యమున జూచిన యే పండుగయందును ఈ విధి యాచరింపబడలేదు. అతిథులు, మగవారు, పిల్లలు లేచిన పిదప, చల్లారిన పప్పుతో గోడలిని గూర్చుండబెట్టెడివారు. ఆచారమని స్మృతిని జూపువారు ఆ యొక్క శ్లోకమును మాత్రము జూపరు!

మా యింట యుగాదికి భక్ష్యములు చేసెడివారు. కోస్తావారు బొబ్బట్టు అను దానిని మా సీమలో భక్ష్య మందురు, వాడుకలో బచ్చము. భక్షించునది గట్టిపదార్థమేనా యని భాష్యకారుడు విచారించి, నీటిని, గాలిని భక్షించువారు గూడ గలరు గదా యని సమాధానము చెప్పెను. అంత విరివియైన శబ్దమును పాలమూరువారు పూర్ణము పెట్టిన యొక్క రొట్టెకు ముడివేసిరి. రూఢి బలము గలది.

మా నాయనమ్మ అందరి భోజనము లైన పిదప రెండు భక్ష్యములను మోదుగాకులో జుట్టి గూటిలో బెట్టెడిది. ఎవరికని పిల్లల మడిగితిమి. "ఎవరన్నా రావొచ్చు గద నాయినా" అని యామె యుత్తరము. ఆమెకు విందుశబ్దముతో బనిలేదు. పెక్కేండ్లు ఆ భక్ష్యములు మరునాడు మాకే దక్కెను. ఒక యుగాది సాయంకాలమున మాత్రము కర్నూలు పోవలసిన బస్సు తప్పిపోయిన యొకాయన మా యరుగుపై వచ్చి కూర్చుండెను. నాయనమ్మ లోనికి బోయి యాకు పొట్లము దెచ్చి, నేతిగిన్నెతో గూడ నాయన ముందు పెట్టెను. ఆయన తిని, నీళ్లు త్రావి, తెల్లవారుజామున లేచి పోయెను. ఏ యూరివాడో, ఏ కులమువాడో మా యింట నెవ్వరు నడుగలేదు.